విమానములకు అడ్డు కలిగించుట నేరము: గ్రామస్థులు తెలిసికొనవలసిన సంగతులు

విమానమునకు అడ్డు కలిగించుట అనగానే చాలమందికి తుపాకులు పట్టుకొని విమానము ఎక్కిన దుండగులే గుర్తుకు వత్తురు. అట్టి నేరము ఎక్కడో దూరమున ఎవరో చేయునదనియు, మన పొలమునకు, మన కోళ్ల ఫారమునకు, మన జాతరకు దానితో పనిలేదనియు అనుకొందుము. ఇది సరియైన అభిప్రాయము కాదు. చచ్చిన కోళ్లను విమానాశ్రయము సమీపమున డొంకలో పారవేయుట, పెండ్లి ఊరేగింపులో లేజరు దీపమును ఆకాశమువైపు త్రిప్పుట, పొరుగు పొలములో మందు చల్లుచున్న డ్రోనును రాయితో కొట్టుట - ఇవి మూడును పల్లెలో జరుగగల పనులే. మూడును చట్టము దృష్టిలో శిక్షకు తగిన నేరములు కాగలవు.

శంషాబాదు, గన్నవరము, రేణిగుంట, మధురపూడి, ఓర్వకల్లు - ఈ విమానాశ్రయముల చుట్టును ఉన్నవి పల్లెలే, పొలములే. విమానాశ్రయము దగ్గర లేని గ్రామములకు కూడ నేడు డ్రోను వచ్చినది. కావున ఈ చట్టము ఏమి చెప్పుచున్నదో, ఎందుకు చెప్పుచున్నదో రైతులును గ్రామాధికారులును తెలిసికొని యుండుట అవసరము.

ఇది ఎవరు చేసిన చట్టము?

అమెరికా దేశములో కేంద్ర చట్టములతోబాటు రాష్ట్రములు కూడ ఈ విషయమున స్వంత శాసనములు చేసికొన్నవి. ఉదాహరణకు కాలిఫోర్నియా రాష్ట్ర శిక్షాస్మృతిలో మనుష్యులున్న విమానముపై ద్వేషబుద్ధితో లేజరు కాంతిని ప్రసరింపజేయుట ప్రత్యేక నేరముగా చెప్పబడినది. మన దేశములో పద్ధతి వేరు. రాజ్యాంగము 7వ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 29వ అంశము క్రింద విమానములు, విమానయానము, విమానాశ్రయములు పార్లమెంటు అధికారములో నున్నవి. అందుచేత చట్టము దేశమంతటికిని ఒక్కటే. అయితే పోలీసులు, పంచాయతీలు రాష్ట్ర ప్రభుత్వము క్రిందివి. కనుక చట్టము ఢిల్లీలో చేసినదైనను, దానిని నిలబెట్టవలసినది గ్రామములోనే.

1934లో చేసిన విమాన చట్టము తొంబది సంవత్సరములు అమలులో నుండెను. దాని స్థానమున 2024లో పార్లమెంటు భారతీయ వాయుయాన్ అధినియమ్ అను క్రొత్త చట్టమును చేసినది. ఇది 2025 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టములోని ముఖ్యమైన నిబంధనలు చాలవరకు దీనిలో కొనసాగుచున్నవి.

విమానమనగా ఏది?

రెక్కలు, కిటికీలు ఉండి మనుష్యులను మోయునదే విమానమని సామాన్యముగా అనుకొందుము. చట్టములోని అర్థము ఇంతకంటె విశాలమైనది. గాలి ఆధారముతో ఆకాశమున నిలువగల ఏ యంత్రమైనను విమానమే. 1934 చట్టములోనే బెలూనులు, గ్లైడర్లు, గాలిపటములు కూడ ఈ నిర్వచనములో చేర్చబడినవి. డ్రోను మనిషి ఎక్కకుండ దూరమునుండి నడపబడు విమానము. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమములు విమాన చట్టము క్రిందనే చేయబడినవి. కావున పొలముపై ఎగురు పది లీటర్ల మందు తొట్టిగల డ్రోను కూడ చట్టము దృష్టిలో ఆటవస్తువు కాదు, విమానమే.

నా పొలముపై ఆకాశము నాది కాదా?

ఈ ప్రశ్న రైతులు తరచుగా అడుగుచుందురు. భూమి పట్టా మీది, అందులోని పైరు మీది. కాని తగినంత ఎత్తున, గాలివానల పరిస్థితులను గమనించి, న్యాయమైన రీతిలో పోవు విమానము మీ భూమిపై అక్రమముగా ప్రవేశించినట్లు కాదు. కేవలము పైనుండి పోయినందుకు సివిలు కోర్టులో దావా వేయరాదని 1934 చట్టములోని 17వ సెక్షనులోనే నిర్ణయింపబడినది. అట్లని ఎగురువారికి సర్వస్వేచ్ఛ లేదు. భూమిపైనున్న మనుష్యులకు గాని, ఆస్తికి గాని అపాయము కలుగునట్లు బుద్ధిపూర్వకముగా విమానమును నడుపుట కూడ నేరమే. దానికి 2 సంవత్సరముల వరకు జైలు, లేక కోటి రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అనగా చట్టము ఆకాశమున పోవువానిని, నేలమీద నున్నవానిని, ఇద్దరిని కాపాడుచున్నది.

బుద్ధిపూర్వకముగా చేయు ఘోర నేరములు

పౌర విమానయాన భద్రతకు భంగము కలిగించు కార్యములను అణచుటకు 1982లో ప్రత్యేక చట్టము చేయబడినది. విమానమును ధ్వంసము చేయుట, అందులో పేలుడు వస్తువులు పెట్టుట, విమానములకు దారి చూపు యంత్రములను చెడగొట్టి ఎగురుచున్న విమానమునకు అపాయము తెచ్చుట - ఇట్టివానికి యావజ్జీవ కారాగార శిక్ష గలదు. విమానాశ్రయమునకు దూరముగా పొలముల మధ్య కంచె వేసి ఉంచిన దారిచూపు యంత్రముల నుండి రాగి తీగ దొంగిలించువాడు కొద్దిపాటి సొమ్ము కొరకు ఎంత పెద్ద నేరమునకు దగ్గర అగుచున్నాడో ఆలోచింపుడు.

అబద్ధమని తెలిసియు తప్పుడు సమాచారమునిచ్చి ఎగురుచున్న విమానమునకు అపాయము కలిగించుట కూడ ఈ చట్టము క్రింద నేరమే. 2024 అక్టోబరులో మన దేశమున వందలాది విమానములకు బాంబు ఉన్నదని తప్పుడు బెదిరింపులు వచ్చి, ప్రయాణికులు చాల ఇబ్బంది పడిరి. సెల్‌ఫోను చేతనున్న కుర్రవారికి ఇది వేడుక కాదని పెద్దలు చెప్పి యుంచవలెను.

చచ్చిన కోడియు, గద్దయు, విమానమును

ఇక అజాగ్రత్తవలన జరుగు నేరములు. మన గ్రామములకు ఎక్కువగా సంబంధించినవి ఇవియే.

1937 నాటి విమాన నియమావళిలోని 91వ నిబంధన ప్రకారము విమానాశ్రయపు కేంద్ర స్థానమునుండి 10 కిలోమీటర్ల లోపల జంతువులను వధించుట, చర్మము ఒలుచుట, పక్షులను ఆకర్షించు చెత్తను, మాంసపు వ్యర్థములను, కుళ్లిన పదార్థములను పారవేయుట నిషిద్ధము. తగిన జాగ్రత్తలు తీసికొన్నచో పౌర విమానయాన డైరెక్టరు జనరలు ప్రత్యేకముగా అనుమతింపవచ్చును. ఈ విషయమున నియమోల్లంఘనమునకు 3 సంవత్సరముల వరకు జైలు, లేక కోటి రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించుటకు చట్టమున అవకాశము గలదు.

కోళ్ల వ్యర్థములకు ఇంతటి శిక్ష ఎందుకని అడుగవచ్చును. లెక్క చూడుడు. గద్ద బరువు ఒక కిలో లోపే. కాని విమానము నేల విడుచు సమయమున గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ వేగములో 800 గ్రాముల గద్ద తగిలినచో కలుగు దెబ్బ, 45 కిలోల యూరియా బస్తాను 5 మీటర్ల ఎత్తునుండి పడవేసినంత ఉండును. వేగము రెట్టింపయినచో దెబ్బ నాలుగు రెట్లగును. ఆ దెబ్బ ఇంజనులోని సన్నని రేకులపై పడినచో అవి వంగును, విరుగును. ఇంజను ఆగిపోవచ్చును.

ఇది ఊహ కాదు. 1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టను నగరమున ఒక విమానము లేచిన కొద్ది సేపటికే పక్షుల గుంపులో చిక్కుకొని సముద్రపు పాయలో కూలినది. 62 మంది మరణించిరి. ఆ పక్షులు పెద్దవి కావు, మన గోరువంక కుటుంబమునకు చెందిన చిన్న పిట్టలు. 2009 జనవరి 15న న్యూయార్కులో అడవి బాతులు తగిలి ఒక విమానముయొక్క రెండు ఇంజనులును పనిచేయుట మానినవి. విమాన చోదకుడు నేర్పుతో హడ్సను నదిలో దింపుటచే 155 మందియు బ్రతికిరి. అన్నిచోట్ల నది దొరకదు గదా.

గద్దకు చట్టము తెలియదు. తిండి ఎక్కడ దొరకిన అక్కడకు వచ్చును, పైన చక్రము తిరుగుచుండును. ఆ చక్రము విమానము వచ్చు మార్గములో పడకుండ చూచుట మన చేతిలోనున్నది. విమానాశ్రయము దగ్గరి కోళ్ల రైతులు, పశుపోషకులు, మాంసపు దుకాణదారులు ఈ క్రింది విధముగా చేయవలెను:

1. చచ్చిన కోళ్లను, పశువులను డొంకలో, కాలువలో, చెరువు గట్టున పారవేయరాదు. బావులకు, చెరువులకు దూరముగా మెరక స్థలమున మనిషిలోతు గొయ్యి త్రవ్వి, కళేబరములను వేసి, పైన సున్నము చల్లి, కుక్కలు తోడలేనంత మందముగా మట్టి కప్పవలెను.

2. కోళ్ల ఫారములో రోజును చచ్చు కోళ్లకొరకు మూతగల గొయ్యి ముందుగానే సిద్ధపరచుకొనవలెను. కోడి చచ్చిన తరువాత గొయ్యి త్రవ్వుదమనుకొన్నవాడు సాధారణముగా డొంకనే వెదకును.

3. రోగమువలన ఒకేసారి ఎక్కువ కోళ్లు చచ్చినచో ముందుగా పశువైద్యునికి తెలుపవలెను.

4. మాంసపు దుకాణముల వ్యర్థములను మూతగల డబ్బాలలో ఉంచి పంచాయతీ ఏర్పాటు చేసిన చోటికే చేర్చవలెను.

5. జాతర సమయమున బలులు జరుగు గ్రామము 10 కిలోమీటర్ల లోపల ఉన్నయెడల, గ్రామపెద్దలు ముందుగానే రెవెన్యూ అధికారులను, విమానాశ్రయ అధికారులను సంప్రదించి వారు చెప్పినట్లు నడచుకొనవలెను.

తప్పుదారి పట్టించు దీపములు

రాత్రివేళ దిగు విమానమునకు నేలమీది దీపములే గుర్తులు. విమాన చోదకుడు చీకటికి అలవాటుపడిన కండ్లతో ఆ దీపముల వరుసను చూచి దిగును. ఆ సమయమున లేజరు కాంతి అద్దముపై పడినచో అద్దమంతయు వెలుగు ప్రాకి కొన్ని క్షణములు ఏమియు కనబడదు. దిగు సమయమున కొన్ని క్షణములే ప్రాణాధారము.

2023 అక్టోబరులో విమాన నియమావళిలోని 66వ నిబంధన సవరింపబడినది. దాని ప్రకారము దీపమనగా లాంతరు దీపము, ఆకాశములోనికి వదలు కాగితపు దీపము, లేజరు దీపము కూడ చేరును. విమానాశ్రయము చుట్టును 5 నాటికల్ మైళ్లు, అనగా 9 కిలోమీటర్ల పైచిలుకు దూరములో, విమానమునకు అపాయము కలిగించు దీపములను ఆర్పవలసినదిగా ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. 24 గంటలలో ఆర్పనిచో అధికారులే ప్రవేశించి ఆర్పవచ్చును. పోలీసులకు తెలిపి కేసు పెట్టవచ్చును.

పైరును తినుపురుగుల తల్లి రెక్కలపురుగులను పట్టుటకు దీపపు ఎరలు పెట్టు రైతులు దీనిని చదివి భయపడనవసరము లేదు. దీపమునకు పైన రేకుమూత పెట్టి, వెలుగు క్రిందికే పడునట్లు చేసినచో ఎర బాగుగా పనిచేయును, పైనున్నవానికి కన్ను చెదరదు. విమానాశ్రయము దగ్గరి పొలములలో మాత్రము గట్టు పొడవునా ఒకే వరుసగా పెద్ద దీపములను పెట్టకుండుట మంచిది. పెండ్లిండ్లకు, ఉత్సవములకు లేజరు దీపములు అద్దెకు తెచ్చువారిని వానిని ఆకాశమువైపు త్రిప్పవద్దని ముందే కట్టడి చేయవలెను.

చెట్లు, గొట్టములు, గోపురములు

విమానాశ్రయము చుట్టును 20 కిలోమీటర్ల వరకు కట్టడముల ఎత్తును, చెట్ల ఎత్తును కేంద్ర ప్రభుత్వము నియంత్రింపగలదు. విమానములు లేచు, దిగు మార్గము క్రింద ఈ కట్టడి ఎక్కువగా ఉండును. సరుగుడు, జామాయిలు, కొబ్బరి నాటు రైతులు దీనిని గమనింపవలెను. నేడు మోకాలెత్తున ఉన్న మొక్క కొన్ని సంవత్సరములలో అడ్డు కావచ్చును. బియ్యపు మిల్లు పొగగొట్టమునకు, సెల్‌ఫోను స్తంభమునకు స్థలము ఇచ్చువారు కూడ ముందుగానే విచారించుకొనవలెను. ఏ చోట ఎంత ఎత్తు అనుమతింపబడునో రంగులతో చూపు పటములను విమానాశ్రయముల అథారిటీ తయారుచేసి స్థానిక సంస్థలకు ఇచ్చినది. అవసరమైన చోట అథారిటీ నుండి అభ్యంతరము లేదను పత్రము పొందవలెను.

చెట్టు కొట్టుమని నోటీసు వచ్చినయెడల దానిని చించి పారవేయరాదు. అందులోని గడువు చూచి, పాసుబుక్కు నకలుతో, చెట్ల సంఖ్యతో, వయస్సుతో సమాధానము వ్రాయవలెను. ప్రభుత్వపు ఉత్తర్వు వలన ఆస్తికి నష్టము కలిగినచో పరిహారము చెల్లించు ఏర్పాటు 1934 చట్టములోనే కలదు. సమాధానము వ్రాసినవానికి పరిహారము అడుగు హక్కు నిలుచును. నోటీసును చించినవానికి కేసు మాత్రమే మిగులును.

డ్రోనుపై రాయి వేయరాదు

కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో ఆమోదించిన డ్రోన్ దీదీ పథకము క్రింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘములకు డ్రోనులు ఇచ్చుటకు నిర్ణయింపబడినది. డ్రోను ఖర్చులో 80 శాతము వరకు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయము కలదు. మిగిలినది సంఘమువారు అప్పు తెచ్చి కట్టుకొందురు. అట్టి డ్రోనును ఎవరైన రాయితో కొట్టి పడవేసినచో పోవునది ఒక యంత్రము మాత్రము కాదు, పదిమంది స్త్రీల జీవనాధారము. పైగా తిరుగు రెక్కలతో, మందునీటితో, నిప్పంటుకొనగల బ్యాటరీతో అది ఎవరి నెత్తిన పడునో రాయి వేసినవానికి తెలియదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను ప్రకారము బుద్ధిపూర్వకముగా చేసిన ఆస్తినష్టము లక్ష రూపాయలు, అంతకు మించినచో 5 సంవత్సరముల వరకు జైలు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మందు చల్లు డ్రోను ఖరీదు లక్షకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇతరుల ప్రాణమునకు అపాయము తెచ్చినందుకు 125వ సెక్షను వేరుగా ఉన్నది.

అయితే డ్రోనుపై రాయి వేయు రైతుకు కొన్నిసార్లు నిజమైన బాధ ఉండును. పొరుగు వరిపై చల్లిన మందు గాలికి కొట్టుకొనివచ్చి మల్బరీ తోటపై పడినచో, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చును. రొయ్యల చెరువుపై పడినచో రొయ్యలు చచ్చును. పూతకు వచ్చిన తోటలో తేనెటీగలు చచ్చును. ఈ నష్టము చిన్నది కాదు. దానికి మందు రాయి కాదు. డ్రోను నడుపువానిపై చట్టము విధించిన బాధ్యతలు ఇవి:

1. డ్రోనుకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉండవలెను. మందు చల్లు డ్రోను నడుపువానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండవలెను.

2. సాధారణముగా 400 అడుగుల ఎత్తు దాటరాదు. విమానాశ్రయపు హద్దునుండి 8 మొదలు 12 కిలోమీటర్ల వరకు 200 అడుగులు దాటరాదు. అంతకంటె దగ్గరగా అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

3. మనుష్యులకు, ఆస్తికి అపాయము కలుగునట్లు నడుపరాదు. డ్రోను నియమములను ఉల్లంఘించినచో లక్ష రూపాయల వరకు అపరాధ రుసుము పడును.

4. ఆకాశమునుండి మందు చల్లుటకు 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలో 43వ నిబంధన కలదు. దాని ప్రకారము ఆమోదింపబడిన మందునే, ఆమోదింపబడిన మోతాదులో, ఎత్తులో చల్లవలెను. కనీసము 24 గంటల ముందుగా అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయవలెను. పనితో సంబంధము లేని మనుష్యులను, పశువులను ఆ పొలములోనికి రానీయరాదు.

ఈ నాలుగవ సంగతి మీ చేతిలోని ఆయుధము. పట్టుపురుగులు పెంచువారు, చెరువులున్నవారు, తేనెపెట్టెలు పెట్టినవారు చాటింపు వినగానే తమ సర్వే నంబరును వ్యవసాయాధికారికి తెలిపి, గాలి ఎటు వీచుచున్నదో చూచి చల్లవలసినదిగా కోరవలెను. నష్టము జరిగినచో తేదీ, సమయము, గాలి దిశ, డ్రోను సంఖ్య, మందు పేరు వ్రాసికొనవలెను. ఆకులను, చచ్చిన పురుగులను పారవేయక భద్రపరచవలెను. ఫోటోలు తీసి వెంటనే వ్యవసాయాధికారికి, పోలీసులకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. రాయి వేసిన రైతు నష్టపడియు ముద్దాయి అగును. కాగితము వ్రాసిన రైతు ఫిర్యాదుదారుగా నిలుచును.

గ్రామాధికారులు చేయవలసిన పనులు

1. గ్రామము ఏ విమానాశ్రయమునకైన 10 కిలోమీటర్ల లోపల ఉన్నదా, 20 కిలోమీటర్ల లోపల ఉన్నదా అని నిర్ణయించి ఆ సంగతిని పంచాయతీ కార్యాలయములో వ్రాసి ఉంచవలెను.

2. మాంసపు దుకాణములకు, కోళ్ల ఫారములకు అనుమతి ఇచ్చునపుడు వ్యర్థములు ఎక్కడ వేయుదురో అడిగి, స్థలమును స్వయముగా చూడవలెను.

3. ప్రతి విమానాశ్రయమునకు పరిసరముల శుభ్రత, పక్షుల బెడద విచారించుటకు స్థానిక అధికారులతో కూడిన సంఘము ఉండును. చెత్తకుప్పలు పేరుకొన్నచో దానికి తెలుపవలెను.

4. డ్రోనుతో మందు చల్లుటకు ముందు చాటింపు వేయించి, తేదీని, సర్వే నంబర్లను రిజిస్టరులో వ్రాయవలెను. తగవు వచ్చినపుడు ఆ రిజిస్టరే సాక్ష్యము.

5. సంక్రాంతికి, జాతరలకు ముందు లేజరు దీపములు, ఆకాశ దీపములు, విమాన మార్గములో గాలిపటములు వద్దని దండోరా వేయించవలెను.

విమానములో పోవువారు మనకు తెలియనివారు కావచ్చును. కాని అందులో గల్ఫు దేశములనుండి సెలవుపై వచ్చు మన ఊరి కూలీ ఉండవచ్చును, చదువుకొనుటకు పోవు మన పిల్ల ఉండవచ్చును. వారి క్షేమము విమాన చోదకుని నేర్పుపై ఎంత ఆధారపడి యున్నదో, క్రింద ఒక కోళ్ల రైతు సకాలమున త్రవ్విన గొయ్యిపై కూడ అంత ఆధారపడి యున్నది. విమానాశ్రయమునకు దగ్గరలోనున్న రైతులు ఆ గొయ్యిని ఈ వారములోనే సిద్ధపరచుకొనవలసినదిగా కోరుచున్నాము.